ఒకటో నంబరు వచ్చిన పాట, 58 కాపీల అమ్మకం: ఒక డిజిటల్ సింగిల్ కేస్ స్టడీ

సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు విడుదల చేసేవాళ్లకు పంపిణీ, హక్కుల నమోదు, లెక్కల పరిశీలన చేసిపెట్టే పని మాది. ఈ కేసులో పొరపాట్లన్నీ మామూలుగా జరిగేవే. కానీ అన్నీ ఒకే పాటకు జరిగాయి, వాటి లెక్కలు కూడా చేతికి దొరికాయి. అందుకే రాసిపెడుతున్నాం. ఊరు, మనుషులు, పాట, పంపిణీ సంస్థలు (పాటలను యాప్‌లకూ స్టోర్లకూ చేర్చేవి), ఏవీ గుర్తుపట్టేలా ఉంచలేదు.

నేపథ్యం

ప్రకాశం జిల్లాలో తీరం వైపు ఒక ఊరు. పాడిన అమ్మాయికి 23 ఏళ్లు, ఒంగోలు చుట్టుపక్కల పెళ్లి ఆర్కెస్ట్రాల్లో పాడుతుంది. ట్యూన్ కట్టింది, ప్రోగ్రామింగ్ చేసింది అదే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అబ్బాయి. డబ్బు పెట్టింది అమ్మాయి మేనమామ. ఆయన రొయ్యల చెరువులు చేస్తాడు. మేనకోడలి గొంతు మీద ఆయనకున్న నమ్మకం నిజమైనది, ఆ గొంతుకు తగినది కూడా.

మొదటి పాటకు మొత్తం 3,10,000 రూపాయలు ఖర్చయింది. రికార్డింగ్, మిక్సింగ్‌కు 75,000, వీడియోకు 1,50,000, వీడియో ప్రకటనలకు 40,000, ‘నంబర్ వన్ గ్యారంటీ’ అని ఒక ప్రచార ఏజెంటుకు 45,000. పాట నిడివి 4 నిమిషాల 22 సెకన్లు. అందులో గొంతు మొదలయ్యేది 41వ సెకను దగ్గర. అంతవరకూ గాలి శబ్దం, తంబూరా, దూరంగా అలల హోరు. విడుదల ఒక మంగళవారం ఉదయం 11:42కి, ముహూర్తం చూసి.

మూడో రోజు రాత్రి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. ఆపిల్ వాళ్లు పాటలు అమ్మే ఐట్యూన్స్ ఇండియా స్టోర్‌లో ఒక విభాగపు జాబితాలో పాట ఒకటో స్థానంలో ఉంది. మర్నాటికి ఊళ్లో ఫ్లెక్సీలు లేచాయి.

వచ్చిన సమస్య

నాలుగు నెలల తర్వాత వాళ్లు మా దగ్గరికి వచ్చారు. మేనమామ అడిగింది ఒక్క మాట: “అన్నా, దేశంలో ఒకటో నంబరు వచ్చింది గదా, డబ్బులు యాడికి పోయినాయి?”

అప్పటికి ఆయన చేతికి అందింది 296 రూపాయలు. ఇంకో ఖాతాలో 2,140 రూపాయలు ఆగిపోయి ఉన్నాయి. పంపిణీ సంస్థ నుంచి ‘కృత్రిమ స్ట్రీమింగ్’ (నకిలీ వినికిడులు) అని ఒక ఈమెయిల్ వచ్చింది, దాన్ని ఎవరూ చదవలేదు. లక్ష దాటిన స్ట్రీమింగ్ సంఖ్య ఒక ఉదయం చూస్తే అయిదు వేలకు పడిపోయింది. అమ్మాయి పేరుతో ఒకే యాప్‌లో రెండు పేజీలు కనిపిస్తున్నాయి. మేనమామకు ఉన్న అనుమానం పంపిణీ సంస్థ మీద: అమ్మకాలు దాచిపెట్టిందని. రెండో పాటకు అదే ఏజెంటుకు 60,000 ఇవ్వడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు, ఎందుకంటే ఏజెంటు చెప్పింది చెప్పినట్టు చేశాడు.

ఆ చివరి మాట అబద్ధం కాదు. ఈ కేసంతా దాని చుట్టూనే తిరిగింది.

ముందు లెక్క తెరిచాం

అనుమానం పంపిణీ సంస్థ మీద ఉన్నప్పుడు వాదించడం వృథా. నెలవారీ అమ్మకాల నివేదికను పూర్తి ఫైలుగా తెప్పించాలి. డ్యాష్‌బోర్డులో కనిపించే గ్రాఫు చాలదు. ఫైల్లో ప్రతి వరుసకూ స్టోరు, దేశం, ఐఎస్‌ఆర్‌సీ, అమ్మకం రకం (డౌన్‌లోడా, స్ట్రీమా), సంఖ్య, చేతికొచ్చే మొత్తం ఉంటాయి. మేం మొదట ఐఎస్‌ఆర్‌సీ నిలువు వరుస ప్రకారం పేర్చాం. ఐఎస్‌ఆర్‌సీ అంటే ఒక రికార్డింగుకు ఇచ్చే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య: రెండు అక్షరాల ముందు గుర్తు, మూడు అక్షరాల నమోదుదారు గుర్తు, రెండంకెల సంవత్సరం, అయిదంకెల వరుస సంఖ్య. ఒక రికార్డింగుకు జన్మంతా ఒకటే ఉండాలి.

ఈ పాటకు రెండు ఉన్నాయి. కీబోర్డు అబ్బాయి తన ఏడాది చందా ఖాతా నుంచి ఒకసారి పంపాడు. ఏజెంటు మరో పంపిణీ సంస్థ ద్వారా, అమ్మాయి పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడాతో, మళ్లీ పంపాడు. మొదటిదాన్ని ‘క’ అని, రెండోదాన్ని ‘చ’ అని పిలుద్దాం.

‘చ’ కింద ఐట్యూన్స్ ఇండియా డౌన్‌లోడ్లు 58. అన్నీ ఒకే రోజు. స్టోరులో పాట ధర 15 రూపాయలు, అంటే మొత్తం కొనుగోలు 870 రూపాయలు. దానికి ముందు రోజుగానీ తర్వాత రోజుగానీ ఒక్క కాపీ కూడా లేదు. జాబితాలో పాట ఒకటో స్థానంలో ఉన్నది దాదాపు అయిదు గంటలు.

స్ట్రీమింగ్ వైపు ‘చ’ కింద 19 రోజుల్లో 1,12,400 వినికిడులు ఉన్నాయి. ఒక్కో శ్రోత సగటున 41 సార్లు విన్నాడు. విన్న సమయం సగటున 34 సెకన్లు. 30 సెకన్లు దాటితేనే ఒక స్ట్రీముగా లెక్కిస్తారు, అందుకే 34 దగ్గర ఆగడం అనుమానించాల్సిన గుర్తు. పైగా ఈ పాటలో 34వ సెకనుకు గొంతే మొదలవదు. పాటను తమ జాబితాలో దాచుకున్నవాళ్లు 12 మంది. వినికిడుల్లో ముప్పాతిక భాగం తెలుగువాళ్లు పెద్దగా లేని ఒక విదేశంలోని మూడు నగరాల నుంచి వచ్చింది. 1,06,900 తీసేశారు, 5,500 మిగిలాయి. ‘క’ కింద ఉన్న 3,860 మాత్రం చెక్కుచెదరలేదు. అవన్నీ ఒంగోలు, నెల్లూరు, హైదరాబాదు, బెంగళూరు, కొంత గల్ఫ్. ఈ అమ్మాయికి నిజంగా శ్రోతలున్నారని మొదట కనిపించింది అక్కడే.

‘ఒకటో నంబరు’ దేనికి

మేనమామకు దీన్ని చెప్పడానికి చార్టుల చరిత్ర కొంత చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆయన మనసులో ఉన్నది క్యాసెట్ల కాలపు లెక్క. ఎక్కువ అమ్మింది ఒకటో నంబరు, ఒకటో నంబరు అయితే ఎక్కువ డబ్బు. డిజిటల్ పాటల విషయంలో ఆ లెక్క కొన్నేళ్లే చెల్లింది. 2003 ఏప్రిల్ 28న అమెరికాలో ఐట్యూన్స్ స్టోరు పాట ఒక్కటి 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది. 2005లో అమెరికా చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100, బ్రిటన్ సింగిల్స్ (విడి పాటల) చార్టు రెండూ డౌన్‌లోడ్లను కలుపుకున్నాయి. ఆ రోజుల్లో ఒక అంకె వెనక ఒక కొనుగోలు ఉండేది. అమెరికాలో 2012లో సుమారు 134 కోట్ల పాటల డౌన్‌లోడ్లు అమ్ముడయ్యాయి. 2013 నుంచి తగ్గుతూ వచ్చాయి, జనం కొనడం మాని వినడానికి నెలచందా కట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు చార్టులు లెక్క మార్చుకున్నాయి. బ్రిటన్‌లో 2014 జులైలో 100 స్ట్రీములను ఒక అమ్మకంతో సమానం చేశారు, 2017 జనవరిలో 150 చేశారు, 2018లో మళ్లీ మార్చారు. అమెరికాలో అమ్మకాలను బట్టి ఇచ్చే గోల్డు, ప్లాటినం గుర్తింపులకూ 150 స్ట్రీములను ఒక యూనిట్‌గా తీసుకుంటున్నారు. అంతర్జాతీయ రికార్డింగ్ పరిశ్రమ సమాఖ్య ఐఎఫ్‌పీఐ ఏటా ప్రకటించే అగ్ర డిజిటల్ సింగిల్ 2012లో 1.25 కోట్ల యూనిట్ల దగ్గర ఉంటే, 2017లో 2.66 కోట్లకు చేరింది. ఆ అయిదేళ్లలో జనం రెండింతలు కొన్నారని దీని అర్థం కాదు. స్ట్రీములను యూనిట్లుగా మార్చి కలిపారు. ఏళ్ల మధ్య ఈ అంకెలు పోల్చేవాళ్లు ముందు ఆ ఏడు ఏం లెక్కపెట్టారో చూసుకోవాలి.

ఇక మన దగ్గర డౌన్‌లోడ్ కొనేవాళ్లు చాలా తక్కువ. అలాంటి స్టోరులో, అందులోనూ ఒక చిన్న విభాగంలో, మొదటి స్థానానికి కొన్ని పదుల కొనుగోళ్లు చాలు. ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ 2021లో ప్రారంభించిన వారం వారం టాప్ 20 చార్టు అంతర్జాతీయ పాటలకు. తెలుగు ప్రైవేట్ పాట ఎంత ఆడినా అందులోకి రాదు.

ఇవన్నీ విన్నా ఆయనకు మింగుడుపడలేదు. చివరికి రొయ్యల మాటతోనే అర్థమైంది. 30 కౌంటు అంటే కిలోకు 30 రొయ్యలు. కౌంటు బాగుందంటే రొయ్య పెద్దదని తెలుస్తుంది. చెరువులో ఎన్ని టన్నుల పట్టుబడి వస్తుందో కౌంటు చెప్పదు. చార్టులో స్థానం కూడా అంతే. ఆ గంటలో, ఆ జాబితాలో, పక్క పాటలకంటే ఎక్కువ అని మాత్రమే చెబుతుంది. పక్క పాటలు పదేసి కాపీలు అమ్ముకుంటుంటే మనం 58తో పైకి వస్తాం. ఆయన కాసేపు ఊరుకుని, “అంటే పట్టుబడి లేకుండానే కౌంటు చూసి సంబరపడినామా?” అన్నాడు. అమ్మాయి మాత్రం “మావా, 58 మందైనా నిజంగా కొన్నారా, అది చెప్పమను” అంది. ఒకే రోజు తప్ప ముందూ వెనకా ఒక్కటీ లేని 58 కొనుగోళ్లు శ్రోతలవి కావని చెప్పాల్సి వచ్చింది. ఈ పనిలో కష్టమైన భాగం ఇదే. అంకె కూలిపోయినప్పుడు పాడినవాళ్లు తమ గొంతే కూలిందనుకుంటారు. అందుకే ‘క’ కింద ఉన్న 3,860 వినికిడుల వివరాలు ముందే కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాం.

చేసి చూసినవి, పనిచేయనివి

*తీసేసిన స్ట్రీముల కోసం అప్పీలు.* లక్షలో ఎక్కువ భాగం నకిలీ అని మాకు తెలుసు. అయినా రాశాం, ఎందుకంటే తీసివేతలో నిజమైన శ్రోతలూ కొట్టుకుపోయి ఉండొచ్చనిపించింది. రెండు వారాలకు జవాబు వచ్చింది: కుదరదు. అది న్యాయమే. ఒక ఖాతాలో వినికిడులు ఈ తీరుగా ఉన్నప్పుడు ఏది గింజ ఏది పొట్టు అని విడదీసి చూపే ఆధారం మన దగ్గర ఉండదు. ఇప్పుడైతే ఆ రెండు వారాలు వృథా చేయం.

*ఏజెంటు దగ్గర డబ్బు రాబట్టడం.* వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉన్నది ‘ఐట్యూన్స్‌లో నంబర్ వన్’ అని మాత్రమే. అది జరిగింది. ఏ జాబితా, ఎంతసేపు, ఎన్ని కాపీలు అని ఎక్కడా లేదు. స్ట్రీములు ఎట్లా తెస్తాడో అడగలేదు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

*‘చ’ని వెంటనే తొలగించడం.* ఇది మా తప్పు. ‘కృత్రిమ స్ట్రీమింగ్’ ముద్రపడిన కాపీ ఎంత తొందరగా పోతే అంత మంచిదని మొదటి వారంలోనే తీయించాం. రెండు ఐఎస్‌ఆర్‌సీలు ఉంటే లెక్క చీలుతుంది. స్పాటిఫై 2024 నుంచి గత 12 నెలల్లో వెయ్యి స్ట్రీములు రాని ట్రాకుకు రాయల్టీ కట్టడం లేదు. అక్కడ ‘క’కు 820, ‘చ’కు తీసివేత తర్వాత 640 ఉన్నాయి. కలిసి ఉంటే 1,460, గడప దాటేవి. విడివిడిగా రెంటికీ సున్నా. కాబట్టి ఒకటి తీయాలన్న నిర్ణయం సరైందే. వరుస తప్పింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఊరి పిల్లలు ఈ పాటకు చేసిన 340 రీల్స్ ‘చ’ ఆడియోకు తగులుకుని ఉన్నాయి. ‘చ’ పోగానే అవన్నీ మూగబోయాయి. వాళ్లలో ఎవరూ మళ్లీ చేయలేదు.

సరైన వరుస ఇది. ముందు ‘క’ని రీల్స్‌కూ పంపి, అది శోధనలో కనిపిస్తోందని చూసుకోవాలి. ఎక్కువగా చూసిన ఇరవై రీల్స్ చేసినవాళ్లకు స్వయంగా ఫోన్ చేసి కొత్త ఆడియోతో మళ్లీ పెట్టించుకోవాలి. రెండు మూడు వారాలు ఆగి, అప్పుడు ‘చ’ తీయాలి. పంపిణీ సంస్థ మారేటప్పుడైతే ఐఎస్‌ఆర్‌సీ, నిడివి, పేర్ల స్పెల్లింగు, ఆడియో ఫైలు అన్నీ అవే ఉండాలి, కొత్తది ఎక్కాకే పాతది దింపాలి. ఐఎస్‌ఆర్‌సీ రికార్డింగుది, పంపిణీ సంస్థది కాదు. కొత్త సంస్థ ఫారంలో ‘మీ దగ్గర ముందే ఐఎస్‌ఆర్‌సీ ఉందా’ అన్న గడి ఖాళీగా వదిలేస్తే అదే కొత్తది పుట్టిస్తుంది. రెండో ప్రతులు ఎక్కువగా పుట్టేది ఆ గడి దగ్గరే.

*వీడియో ప్రకటనలు.* విడుదలప్పుడు పెట్టిన 40,000కు యూట్యూబ్‌లో రెండు లక్షల చిల్లర వీక్షణలు వచ్చాయి. మేనమామ మళ్లీ అంతే పెడదామన్నాడు, ట్రెండింగ్‌లోకి వస్తుందని. 2019 సెప్టెంబరు నుంచి యూట్యూబ్ తన మ్యూజిక్ చార్టుల లెక్కలో డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రకటన వీక్షణలను కలపడం లేదు. చార్టు కోసమైతే ఆ ఖర్చు శుద్ధ దండగ. శ్రోతల కోసమైనా, ఈ వీడియోలో జనం 12వ సెకను దగ్గరే వెళ్లిపోతున్నారు. మేత పెంచితే తినని మేత అడుగున కుళ్లుతుంది. ఆ పోలిక మేనమామే తెచ్చాడు.

మొదటి పాటను ఇంతటితో వదిలేద్దామని చెప్పాం. బాగుచేసే ఖర్చు కొత్త పాట ఖర్చులో సగం అవుతుంది, పైగా 41 సెకన్ల నాంది అలాగే ఉంటుంది.

రెండో పాట

మొదటి నిర్ణయం: లక్ష్యంలో నుంచి ‘నంబరు’ తీసేయడం. దాని బదులు మూడు పెట్టుకున్నాం: ఒకే ఐఎస్‌ఆర్‌సీ, సగం పాట దాటి వినేవాళ్లు, నేరుగా కొనేవాళ్లు. బడ్జెట్ 96,000. సంగీతం 48,000, ఫోనుతో తీసిన లిరిక్ వీడియో 22,000, ప్రచారం 18,000, చందా, కవరు, నమోదులు 8,000.

పాట పెళ్లి కూతుర్ని వదినె ఆటపట్టించే పాట. అమ్మాయికి పెళ్లి వేదిక అలవాటు కాబట్టి ఈ ఎంపిక ఆమెదే. రికార్డు చేసే ముందు మూడు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో పాడించి చూశాం. పల్లవికి చప్పట్లు వచ్చాయి, కానీ జనం తిరిగి పాడింది రెండో చరణంలో వదినె మాట. మూడు చోట్లా అదే. రీల్స్‌కు ఇచ్చే 17 సెకన్ల ముక్క అలా తేలింది. చాలామంది పల్లవినే ఇస్తారు, పంపిణీ ఫారంలో ఆ ముక్క మొదలయ్యే సెకను రాయకపోతే యాప్ తనకు తోచిన చోటు తీసుకుంటుంది.

నిడివి 2 నిమిషాల 56 సెకన్లు, గొంతు 6వ సెకనుకు మొదలు. ముప్పై సెకన్ల గడప కోసం పాటను కుదించడం కళకు అన్యాయమని అబ్బాయి బాధపడ్డాడు. ఆ బాధలో న్యాయం ఉంది. అందుకని 5 నిమిషాల పూర్తి రూపాన్ని వేరే రికార్డింగుగా, వేరే ఐఎస్‌ఆర్‌సీతో, రెండు నెలల తర్వాత విడుదల చేయాలని ఒప్పుకున్నాం. నిడివి, అమరిక వేరైతే అది వేరే రికార్డింగే, అక్కడ రెండో సంఖ్య తప్పు కాదు.

మాస్టరింగులో (పాట శబ్దస్థాయిని చివరిగా సరిచేసే దశలో) మొదటి పాట −7 లఫ్స్ (శబ్దపు గట్టిదనానికి కొలత) దాకా నొక్కేశారు. స్పాటిఫై లాంటివి వినిపించేటప్పుడు సుమారు −14కు తగ్గిస్తాయి. దాంతో గట్టిదనం పోయి, నలిగిన డప్పు మాత్రం మిగిలింది. ఈసారి −11 దగ్గర ఆపి, ట్రూ పీక్ (శబ్దం చేరే గరిష్ఠ స్థాయి) −1 డెసిబెల్ దాటకుండా చూశాం. ఫైలు 24 బిట్ వేవ్ (కుదించని ఆడియో). కవరు 3000×3000 పిక్సెళ్లు. మొదటి పాటకు కవరు రెండుసార్లు తిరస్కరణ అయింది, దాని మీద మేనమామ ఫోన్ నంబరు ఉన్నందుకు. పేర్ల విషయంలో అమ్మాయి ఇంగ్లీషు స్పెల్లింగు ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకం చేశారు. అదే కాగితం మీద వాటాలు: సాహిత్యం, సంగీతం, రికార్డింగు యాజమాన్యం. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో హక్కు నిలబెట్టింది. ఆ వాటా అందాలంటే రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్‌ సంస్థలో సభ్యత్వం, పాట నమోదు ఉండాలి. పంపిణీ సంస్థ ఇచ్చే డబ్బు రికార్డింగుది మాత్రమే. ఈ రెండూ వేరని తెలియక ఎంతోమంది రచయితలు తమ వాటా అడగనే అడగరు. ఈ విషయంలో మేం పట్టుబట్టాం.

సమయం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, శ్రావణంలో మొదలవుతాయి. ఆషాఢం మొదటి వారంలో పాట పంపిణీకి ఇచ్చి, శ్రావణ ముహూర్తాలకు ముందరి శుక్రవారం విడుదల పెట్టాం. 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకు శుక్రవారమే విడుదల రోజు, చాలా చార్టుల వారం కూడా శుక్రవారం నుంచి గురువారం దాకా. మంగళవారం వస్తే మొదటి వారంలో మూడు రోజులే దక్కుతాయి. ముహూర్తం సంగతి మేనమామ వదులుకోలేదు, వదులుకోమని మేం అడగలేదు. పంపిణీకి సమర్పించే బటన్ ఆయన చెప్పిన ఘడియలోనే నొక్కాం. విడుదలకు నాలుగు వారాల ముందు ఇవ్వడం వల్ల స్పాటిఫై సంపాదకులకు పాటను ప్రతిపాదించే వీలు దొరికింది. అది విడుదలకు కనీసం ఏడు రోజుల ముందే చేయాలి, విడుదలయ్యాక ఆ తలుపు తెరుచుకోదు. మొదటి పాటకు దాన్ని ఎవరూ వాడలేదు. రెండో పాటకు వాడినా సంపాదకుల జాబితాలో చోటు రాలేదు. నాలుగు వారాలు మాత్రం ఇంకో పనికి వచ్చాయి: స్పెల్లింగు తప్పుగా ఎక్కిన ఒక యాప్‌లో విడుదలకు ముందే సరిచేయించాం.

ప్రకటనలు ‘చెక్ ట్రే’ పద్ధతిలో పెట్టాం. చెరువులో మేత వేశాక ట్రే పైకి తీసి, తిన్నాయా మిగిల్చాయా చూసి, తర్వాతి మేత ఎంతో తేల్చుకుంటారు. మూడు ముక్కలకు 500 చొప్పున పెట్టి 72 గంటలు ఆగాం. పోల్చింది వీక్షణలను కాదు, పాట పూర్తిగా వినడానికి వెళ్లినవాళ్లను, దాచుకున్నవాళ్లను. పల్లవి ముక్క, అమ్మాయి పాడే స్టూడియో ముక్క ఆపేశాం. వదినె మాటకు వారానికి 1,500 చొప్పున ఆరు వారాలు నడిపాం.

కాలర్ ట్యూన్ గురించి ఒక చిన్న మాట, ఎందుకంటే మన జిల్లాల్లో ఇది ఇంకా బతికే ఉంది. పంపిణీ ఫారంలో కాలర్ ట్యూన్ ముక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పాలి. మొదటి పాటకు చెప్పలేదు. సున్నా నుంచి కోసేశారు, ఫోన్ చేసినవాళ్లకు గాలి శబ్దం వినిపించి లైను బాగాలేదనుకుని పెట్టేసేవాళ్లు. రెండో పాటకు 52వ సెకను నుంచి ఇచ్చాం. ఆపరేటరు కోడ్లు రావడానికి మూడు వారాలు పట్టింది, వాటిని వచ్చాకే పోస్టర్ల మీద వేయించాం.

అసలు అమ్మకం మేం ముందుగా ఊహించని చోట దొరికింది. రెండో వారంలో కందుకూరు వైపు నుంచి ఒక డ్యాన్స్ స్కూలు మాస్టారు అమ్మాయికి ఫోన్ చేసి గొంతు లేని ట్రాకు అడిగారు. ఆ వారంలోనే మరో ఆర్కెస్ట్రా అడిగింది. ఇలాంటివి వాట్సాప్‌లో ఉచితంగా పంపడం అలవాటు. ఆపి, ఆలోచించాం. పాట పూర్తిగా వీళ్లదే, బీటు అద్దెకు తెచ్చింది కాదు, కాబట్టి అమ్మే హక్కు ఉంది. గొంతు లేని ట్రాకు, శ్రుతి అర మెట్టు పైకీ కిందికీ మార్చిన రెండు రూపాలు, వేవ్ ఫైళ్లు, కలిపి 99 రూపాయలు. యూపీఐలో డబ్బు వచ్చాక డ్రైవ్ లింకు. కొన్నవాళ్ల పేరు, ఊరు, తేదీ ఒక పుస్తకంలో. శ్రుతి మార్చిన రూపాలు ఇవ్వడం వల్లే ఆర్కెస్ట్రాలు కొన్నాయి, పాడేవాళ్లందరికీ అసలు శ్రుతి సరిపడదు.

ఆరు నెలల ఫలితం

అన్ని వేదికల్లో కలిపి 71,000 స్ట్రీములు, 4,860 రూపాయలు. కాలర్ ట్యూన్ 3,150. యూట్యూబ్ 5,420. ట్రాకులు 212 అమ్ముడయ్యాయి, 20,988 రూపాయలు. మొత్తం 34,418. పెట్టుబడి 96,000 తిరిగి రాలేదు. ఈ వేగంతో రెండో ఏడు కూడా వస్తుందని మేం మాట ఇవ్వలేదు. అమ్మాయికి విడిగా తొమ్మిది వేదికలు వచ్చాయి, ఆ పారితోషికం ఆమెది, ఈ లెక్కలో కలపలేదు. ఒక్క స్ట్రీమూ తీసివేతకు గురికాలేదు. ఒక్కో శ్రోత సగటు వినికిడి 3.2 సార్లు, పది మందిలో ఒకరు దాచుకున్నారు.

ఆ 212 కాపీలు ఏ చార్టులోనూ లేవు. యూపీఐ ద్వారా నేరుగా అమ్మినవి ఏ చార్టుకూ చేరవు. మొదటి పాటను ఒకటో స్థానంలో నిలబెట్టిన 58కి ఇవి మూడున్నర రెట్లకు పైనే, వెనక నిజమైన మనుషులు, కొందరు తర్వాతి పాట ఎప్పుడని అడిగినవాళ్లు.

ఈ కేసు తర్వాత మా పనిలో మార్చుకున్నవి

ఎవరైనా చార్టు స్క్రీన్‌షాట్ తెస్తే ఇప్పుడు నాలుగు అడుగుతాం: ఏ దేశం, ఏ జాబితా, ఏ గంట, వెనక ఎన్ని కాపీలు. నాలుగోదానికి జవాబు నివేదిక వచ్చేదాకా తెలియదు, అందుకే అప్పటిదాకా ఫ్లెక్సీ వద్దంటాం. ప్రచారం చేసేవాళ్లతో ఒప్పందంలో స్థానం రాయనివ్వం. ఏ పని, ఎన్ని రోజులు, ఏ ఖాతాల నుంచి అన్నది రాయిస్తాం. స్ట్రీములు ‘ఇప్పిస్తాం’ అనే మాట ఉంటే అక్కడే ఆగిపోతాం, ఎందుకంటే జరిమానా పడేది పాట మీద, పేరు చెడేది పాడినవాళ్లది. విడుదలైన మూడో రోజు, పదో రోజు శ్రోతకు ఎన్ని వినికిడులో చూస్తాం. పది దాటితే, నగరాలు తెలియనివైతే, ప్లేలిస్టు ఎవరిదో వెతికి, ఆరోజే పంపిణీ సంస్థకు మనమే రాస్తాం. ముందే చెప్పిన ఖాతాను వాళ్లు వేరుగా చూసే అవకాశం ఉంది.

పాత కేసుల్లో ఏవైనా రెండో ప్రతులు దాగున్నాయేమోనని మా దగ్గరున్న పాటలన్నిటి ఐఎస్‌ఆర్‌సీలనూ ఒక పట్టికలో పెట్టి తిరిగి చూశాం. నాలుగింటికి దొరికాయి. మూడు సరయ్యాయి. నాలుగోది పాడినాయన ఖాతా పాస్‌వర్డు పోగొట్టుకున్న పంపిణీ సంస్థలో ఉంది, ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి. ఈ కేసులో ‘చ’ కింద ఆగిన 2,140 రూపాయలు కూడా ఇంకా రాలేదు. ఆ ఖాతా ఏజెంటు పేరు మీద ఉంది, ఆయన ఫోను ఎత్తడం లేదు.